ఇసుకకు చిల్లులు పొడిచిన రోజులు

ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో నేను చాలా పొరపాట్లు చేశాను. పగలగొట్టిన గాజుసామాను జాబితా రాస్తే అదే ఒక పుస్తకమవుతుంది. కానీ వాటిలో ఏదీ ఎవరి కొంపా ముంచలేదు. కొంప ముంచింది మాత్రం నేను ఏ పొరపాటూ లేకుండా, ఎంతో పద్ధతిగా, గడియారం చూసుకుంటూ చేసిన పని. ఇప్పుడిప్పుడే ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. పద్ధతిగా పనిచేసేవాళ్ళు కాస్త ఎక్కువ శ్రద్ధగా చదవాలి. అజాగ్రత్తగా ఉండేవాళ్ళకు ఇలాంటి ప్రమాదం రాదు.

నేను తిరుపతిలో ఒక రసాయనశాస్త్ర విభాగంలో ల్యాబు టెక్నీషియన్‌గా పనిచేశాను. సైంటిస్టును కాను. సైంటిస్టులు ఆలోచించాక బల్లమీద మిగిలినది తుడిచేవాణ్ణి. మా ప్రొఫెసరు గారికి ఒకటే పిచ్చి: సిలికాలో చిల్లులు. సిలికా అంటే ఇసుకే, కాస్త చదువుకున్న ఇసుక. అందులో కంటికి కనబడనంత సన్నటి చిల్లులు తేనెపట్టు గదుల్లా ఒకే కొలతతో, ఒకే వరసలో ఉండాలి. వరస తప్పితే పనికిరాదు. అలాంటి పొడి చేతికొస్తే మురికినీళ్ళలో విషాలను పట్టుకోవచ్చు, మందుల్ని దాచి మెల్లగా వదలవచ్చు అని సారు చెప్పేవారు. రంధ్రాన్వేషణ చేసేవాళ్ళను లోకం తిడుతుంది. మాకు మాత్రం అందుకే నెలనెలా జీతం ఇచ్చారు.

ఈ చిల్లులు పొడవడానికి సూది లేదు. సబ్బులాంటి ఒక పదార్థాన్ని నీళ్ళలో కలిపితే దాని అణువులు వాటంతట అవే గుంపులు కట్టి, సన్నటి కడ్డీల్లా పక్కపక్కన సర్దుకుంటాయి. వెదురుబొంగులు వరసగా నిలబెట్టి, సందుల్లో సిమెంటు పోసి, గట్టిపడ్డాక బొంగుల్ని తీసేశారనుకోండి. ఏం మిగులుతుంది? గోడ నిండా గుండ్రటి చిల్లులు. ఇక్కడ బొంగులు సబ్బు, సిమెంటు సిలికా. బొంగుల్ని తీసేసే పని కొలిమిది. కొలిమి పని నాది.

మా మూలగదిలో బీరువా అంత ఎలక్ట్రిక్ కొలిమి ఒకటి ఉండేది. నాకూ ఆ కొలిమికీ చెలిమి. ఆయుధపూజ రోజు అందరూ కొత్తగా వచ్చిన కంప్యూటరు చుట్టూ చేరితే నేను దాని నుదుట బొట్టు పెట్టి, తలుపు పిడికి పూలు చుట్టేవాణ్ణి. ల్యాబులో ఎవరు ఏ తెల్లపొడి చేసి ఆరబెట్టినా సరే, దాన్ని పింగాణీ గిన్నెలో పోసి, మెల్లమెల్లగా వేడి పెంచి, ఐదువందల యాభై డిగ్రీల దగ్గర ఆరుగంటలు ఉంచి, సబ్బంతా కాలిపోయాక చల్లార్చి, సీసాకెత్తి, చీటీ అతికించి ఇచ్చేవాణ్ణి. పదేళ్ళు అదే పని. సారు కొత్తవాళ్ళకు నన్ను చూపించి, "ఈయనకు ఏదీ చెప్పాల్సిన పని లేదు" అనేవారు. ఆ మాటకు నేను పాలలా పొంగేవాణ్ణి. పొంగినవి పొయ్యి ఆర్పుతాయన్న ఆలోచన అప్పుడు రాలేదు.

కొత్త శతాబ్దం మొదలైన కొత్తలో సత్యవేడు దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి పరిశోధనకు వచ్చి చేరింది. వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఆమె మాట సగం తెలుగు, సగం అరవం, కోపమొస్తే రెండూ కలిపి. సారు ఆమెకు అప్పగించింది కొత్తరకం పొడి. గోడ అంతా సిలికానే కాకుండా, కణానికీ కణానికీ నడుమ చిన్న కార్బన్ ముక్క వంతెనలా ఉండాలి. గోడలో ఇటుకకూ ఇటుకకూ నడుమ కొబ్బరితాడు బిగించి కట్టినట్టన్నమాట. ఆ వంతెనలుంటే గోడ నీళ్ళకు తొందరగా పాడవదట, నూనెలాంటి వాటిని గట్టిగా పట్టుకుంటుందట. వంతెనలున్న ద్రవం మా చుట్టుపక్కల ఎక్కడా దొరికేది కాదు. ఏడు నెలలు ఎదురుచూస్తే సముద్రాలు దాటి ఒక గోధుమరంగు సీసా వచ్చింది. తలనూనె సీసా కంటే చిన్నది. ఫ్రిజ్‌లో దాని పక్కన ఎవరైనా మంచినీళ్ళ సీసా పెడితే కూడా ఆ అమ్మాయి ఒప్పుకునేది కాదు.

ఆమె తొందరకు కారణం ఉంది. మా సారు జూన్ చివర్లో పదవీ విరమణ చేస్తున్నారు. ఈలోపు థీసిస్ ఇవ్వకపోతే ఆమెను ఇంకో గైడుకు అప్పగిస్తారు. ఆ గైడు చేసేది చింతగింజల జిగురు మీద. అంటే మూడేళ్ళ చిల్లులు వదిలేసి జిగురుతో మొదలుపెట్టాలి. దీనికితోడు, చిల్లులు వరసలో ఉన్నాయో లేదో చెప్పే ఎక్స్‌రే యంత్రం చెన్నైలో ఉంది. ఎన్నో ఉత్తరాలు రాస్తే అక్కడివాళ్ళు ఈ ఏడు మే నెలలో ఒకే ఒక్క సోమవారం మాకిచ్చారు.

రెండేళ్ళు ఆమె చేసినదల్లా జావగానో గడ్డగానో తేలింది. పోయిన వేసవిలో రెండుసార్లు పొడి వచ్చింది గానీ, కరెంటు కోతలకు ద్రవాన్ని ఉడకబెట్టే పొయ్యి చల్లబడి గోడలు సరిగ్గా గట్టిపడలేదు. నా కొలిమి దాకా రాకముందే కూలిపోయాయి. చివరికి ఆ మార్చిలో, కోతలు ముదరకముందే, వడపోత కాగితం మీద చక్కగా నిలిచిన ఒక గిన్నెడు పొడి తయారైంది. దాన్ని ఆరబెట్టి, ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చింది.

"అన్నా, ఇంటికి పోయొస్తా. వరికోతకు మనుషులు చాల్లేదంట, నాయన కబురంపినాడు. నా పొడి ఆరతా ఉండాది. బద్రం."

"నువ్వు నిమ్మళంగా పోయిరా తల్లీ," అన్నాను. "నేనుండాను గదా."

ఆమె చేలో కోతకు వెళ్ళింది. ఇక్కడ ఆ రెండు రోజులూ విచిత్రంగా కరెంటు కోత లేదు. ఒక్కపూట కరెంటు పోయినా ఈ కథే ఉండేది కాదు. పాపం ఆ పిల్ల వచ్చేసరికి పని పూర్తి చేసి పెడదామని, గిన్నె తీసుకుని కొలిమి గదిలోకి నడిచాను. ఆ రోజు ఇంకాస్త శ్రద్ధ పెట్టాను కూడా. వేడి మరీ మెల్లగా పెంచాను. ఆరుగంటలకు బదులు ఎనిమిది గంటలు ఉంచాను. తీసి చూస్తే, అంత తెల్లటి పొడిని నా సర్వీసులో చూడలేదు. సీసాకెత్తి, చీటీ మీద గుండ్రటి అక్షరాలతో ఆమె పేరు రాసి, కిటికీ దగ్గర వెలుతురు పడేచోట పెట్టాను.

మూడోరోజు ఆమె సంచీనిండా మామిడికాయలతో వచ్చింది.

"అన్నా, ఊరగాయకు కాయలు తెచ్చినా. వదినకిస్తావా?" అంటూనే ఖాళీ గిన్నె చూసింది. "నా పొడి యాడన్నా?"

"అదో, కిటికీకాడ. సూడు, ఎంత తెల్లంగా ఉండాదో!"

"అంత తెల్లంగా ఎందుకుండాది?"

"కాల్చినా గదా."

సంచీ కింద పడింది. కాయలు బల్లల కిందికి దొర్లాయి. ఒకటి మాత్రం గది దాటి దొర్లుకుంటూ పోయి సరిగ్గా కొలిమి కాలి దగ్గర ఆగింది. తోడుదొంగను అది బాగానే పోల్చుకుంది.

"అయ్యో కడవులే! దాన్ని కాల్చకూడదన్నా! కడగాల! సబ్బును ఆల్కహాలుతో కడిగి తియ్యాల! కాలిస్తే సబ్బుతో పాటు వంతెనలు కూడా కాలిపోతాయన్నా!"

నాకు కాళ్ళు చల్లబడ్డాయి. ఎనిమిది గంటలు కొలిమి ముందు కూర్చున్నవాడికి కాళ్ళు చల్లబడటం చిన్న సంగతి కాదు.

"నాకెవురూ చెప్పలేదు గదమ్మా..." అన్నాను.

"నీకు చెప్పాల్సిన పని లేదంటారు గదన్నా అందురూ!"

సారు వచ్చారు. చిటికెడు పొడి తీసి మా దగ్గరున్న ఇంకో యంత్రంలో పెట్టి చూశారు. వంతెనలుంటే కాగితం మీద గీతలో రెండుచోట్ల గుంటలు పడాలి. గీత మా రోడ్లకంటే నున్నగా వచ్చింది. సారు ఆ కాగితం చూసి, "చాలా శుభ్రంగా కాల్చారు," అన్నారు. వెటకారం కాదు, మెచ్చుకోలే. ఆయన తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. "ఇప్పుడిది మన డబ్బాల్లో ఉన్న పాతరకం పొడే. ఇసుకా, చిల్లులూ. అంతే."

ఆ అమ్మాయి ఏడవలేదు. స్టూలు తీసుకుని కొలిమి గదిలోకి వెళ్ళింది. ఎక్కి, గోడమీది పింగాణీ ఫ్యూజు పీకింది. దాన్ని తన టిఫిను క్యారియరు పైగిన్నెలో పెట్టి మూత బిగించింది.

"ఇది నాకాడుంటాది," అంది.

"వేరేవాళ్ళకు కొలిమి కావాలంటే?"

"నన్నడగమను."

ఆ రోజు నుంచి అదే రివాజైంది. ఎవరికి కొలిమి కావాలన్నా ఆ అమ్మాయి దగ్గరకెళ్ళి ఏ పొడి, ఎందుకు కాల్చాలి, ఎంతసేపు అని సంజాయిషీ చెప్పుకోవాలి. అప్పుడు మూత తీసేది. ఫ్యూజుకు పులిహోర వాసన అంటి ఉండేది. పని కాగానే తిరిగి గిన్నెలోకే. పదేళ్ళు కొలిమికి నేను పూజారిని. తాళంచెవి ఇప్పుడు పూజారి దగ్గర లేదు.

గోధుమరంగు సీసాలో ఇంకొక్కసారికి సరిపడా ద్రవం మిగిలింది. ఒకే ఒక్కసారికి. కలపడానికి ఒకరోజు. ఆ తరవాత మూత బిగించిన సీసాలో ఒక పగలూ ఒక రాత్రీ, తొంభై డిగ్రీలు దాటిన వేడిలో కదలకుండా ఉండాలి. ఈలోపు కరెంటు కోతలు ముదిరాయి. పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు. మా జనరేటరుకు డీజిల్ ఉన్నరోజు దాన్ని నడిపే మనిషి ఉండడు, మనిషి ఉన్నరోజు డీజిల్ ఉండదు. పోయిన వేసవిలో కూలిన గోడలు మా అందరికీ గుర్తున్నాయి.

తప్పు నాది కాబట్టి వేడి వెతికే పని నెత్తిన వేసుకున్నాను. నా కాపురం తిరుచానూరులో. మా వీధి చివర యాత్రికుల లాడ్జి ఉంది. రోజూ ల్యాబుకు పోతూ దాని వెనక లేచే పొగ చూస్తూనే ఉన్నాను, పదేళ్ళుగా. కొండమీద గుండు చేయించుకుని దిగి అమ్మవారి దర్శనానికి వచ్చే జనం ఏ వేళప్పుడైనా వస్తారు. వాళ్ళ స్నానాలకు లాడ్జివాళ్ళ వేడినీళ్ళ డ్రమ్ము ఆరేది కాదు. నలుగురు మనుషులు చేతులు చాచి కౌగిలించుకోవాల్సినంత డ్రమ్ము అది. చుట్టూ ఇటుకగోడ, కింద వేరుశనగ పొట్టు మంట. దానికి కరెంటుతో సంబంధమే లేదు.

ఆ డ్రమ్ముకు అధిపతి ఒక పెద్దాయన. సన్నటి మనిషి. తలకు తువ్వాలు. కనుబొమలు ఎప్పుడో మంటకు సమర్పించుకున్నాడు. నేను ఖాళీ సీసా పట్టుకుని వెళ్ళాను.

"ఏందప్పా, పాలు కాంచాల్నా?"

"పాలు కాదు పెద్దాయనా. ఇసక."

"ఇసకను కాంచేదేందికి?"

"దానికి చిల్లులు పడాల."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఇసకకు చిల్లులా?"

"ఊఁ."

"దీనికి నీకు జీతమిస్తారా?"

"ఇస్తారు."

"ఎవురప్పా ఆ పున్నాత్ములు? నాకూ ఒక మాట చెప్పు, ఈ పొట్టు ఎగదోసేది ఇడిసిపెట్టి నేనూ వస్తా."

నేను జరిగినదంతా చెప్పాను. కొలిమి, మామిడికాయలు, సత్యవేడు పిల్ల, జూన్ నెల. ఆయన శ్రద్ధగా విన్నాడు. చివరికి, "అయితే నువ్వు ఆ పిల్ల బువ్వలో మన్ను కొట్నావు," అన్నాడు. అంత క్లుప్తంగా మా సారు కూడా చెప్పలేకపోయారు.

"ఇంతకీ నీళ్ళు ఒకే వేడిలో ఉంటాయా? నిమిషం కూడా తగ్గకూడదు."

ఆయన అరచేత్తో నాలుగు చుక్కలు తీసి డ్రమ్ము మీద చిలకరించాడు. అవి చుయ్యిమన్నాయి. "ఈ సప్పుడు ఇరవై ఏండ్లుగా ఇంటా ఉండా. సప్పుడు మారితే నిద్దరలో కూడా లేస్తా."

మర్నాడు ల్యాబు థర్మామీటరు తెచ్చి పెట్టాను. తొంభై మూడు. గంట తరవాత తొంభై మూడు. సాయంత్రం తొంభై రెండున్నర. అది చూసి పెద్దాయన సిగ్గుపడ్డాడు. "పొట్టు తడిగుండాది ఈ పూట," అన్నాడు.

ఒకే ఒక్క షరతు పెట్టాడు. "అమ్మవారికాడికి పొయ్యే జనం పోసుకునే నీళ్ళప్పా ఇయ్యి. నీ సబ్బుసీసా దీంట్లో ముంచనియ్యను." సీసా కోసం వేరే రాగి అండా ఒకటి తోమి, దాని నిండా నీళ్ళు పోసి, డ్రమ్ముకు ఆనించి ఇటుకల మధ్య కూర్చోబెట్టాడు. రెండిటికీ ఒకే మంట.

ల్యాబులో ఈ సంగతి చెబితే అమ్మాయి నమ్మలేదు. "చెనిక్కాయ పొట్టా?" అని సారు వైపు చూసింది. సారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "కింద మండేది ఏమిటో సిలికాకు తెలియదమ్మా," అన్నారు. "ఎంత వేడి, ఎంతసేపు, అంతే తెలుసు. ప్రతి అరగంటకూ వేడి రాసిపెట్టు. మిగతాది దానికి వదిలెయ్యి."

అలా ఆఖరి ద్రవం కలిపాం. ఒకరోజు తిప్పాం. మర్నాడు పొద్దున్నే సీసాను ఒళ్ళో పెట్టుకుని ఆ అమ్మాయి నా స్కూటరు వెనక తిరుచానూరు వచ్చింది. సీసాను అండాలో దించాక పెద్దాయన అడిగాడు:

"అది సరేగానీ, శుక్కురారం పూట తెచ్చుకుంటిరేందప్పా?"

శుక్రవారం. అమ్మవారి గుడికి జనం పోటెత్తే రోజు. పదేళ్ళుగా తిరుచానూరులో ఉంటున్న నాకు ఆ ముక్క తట్టలేదు. తారీఖులు చూశాను, వారం చూడలేదు.

ఎనిమిదింటికల్లా లాడ్జి వెనక వరండా గుండ్లతో నిండిపోయింది. గంధం పూసిన గుండ్లు, బకెట్లు, తువ్వాళ్ళు. అండా పక్కన స్టూలేసుకుని, నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్న మా అమ్మాయిని చూసి జనం ఏమనుకున్నారో, నేరుగా ఆమె ముందు వరస కట్టారు.

"మా రూమ్ పైన, రెండు బకెట్లు రాసుకో తల్లీ."

"నేను నీళ్ళు రాసుకునేదాన్ని కాదండీ. వేడి రాసుకుంటా ఉండాను."

"మాకూ వేడివే కావాల!"

డ్రమ్ములో మట్టం పడిపోతోంది. పెద్దాయన ఒక చేత్తో పొట్టు దోస్తూ, ఇంకో చేత్తో కొళాయి నీళ్ళు పడుతున్నాడు. చన్నీళ్ళు ఎక్కువ పడితే వేడి తగ్గుతుంది. తక్కువ పడితే జనం అరుస్తారు. డ్రమ్ము చల్లబడితే దాన్ని ఆనుకున్న అండా కూడా చల్లబడుతుంది. అండాలోని థర్మామీటరు తొంభై ఒకటి చూపించింది. ఇంతలో లాడ్జి మేనేజరు తొంగిచూసి, "ఆ అండాలో నిండుగా నీళ్ళుండాయి గదా, అవీ పొయ్యి!" అని కేకేసి వెళ్ళిపోయాడు. ఒక గుండాయన చెంబుతో అండా దగ్గరకు వచ్చేశాడు.

పెద్దాయన అడ్డం నిలబడ్డాడు. "ముట్టుకోవాకు! దాంట్లో మందు కాగతా ఉండాది. మింద పడితే ఉన్న జుట్టంతా ఊడిపోతాది!"

గుండ్లన్నీ ఒకేసారి నవ్వాయి.

"మాకు జుట్టు యాడుండాది సామీ!"

ఇంకో మనిషి కూడా చెంబెత్తాడు. అప్పుడు మా అమ్మాయి స్టూలెక్కి నిలబడింది.

"అందురూ గమ్మునుండండి!" సత్యవేడు గొంతు అది, చేలో గట్టు మీంచి పిలిచే గొంతు. "వరసలో వస్తే అందురికీ నీళ్ళు. వరస తప్పితే ఒక్కురికీ లేదు!"

సంచీలోంచి ల్యాబు చీటీల కట్ట తీసింది. నమూనా 1, నమూనా 2 అని ముందే నంబర్లు వేసి, సీసాలకు అతికించడానికి నేను చేసిపెట్టినవి. ఒక్కో మనిషికి ఒక్కో చీటీ. ఐదు నిమిషాలకు ఐదుగురు. ఆ లెక్కన పెద్దాయనకు చన్నీళ్ళు కొద్దికొద్దిగా పోసుకునే వీలు దొరికింది. తొంభై ఒకటి తొంభై రెండైంది, తొంభై మూడైంది. ఎవరూ గొడవపడలేదు. వరసలో నిలబడటం మన యాత్రికులకు నేర్పాలా? చీటీ చేతికిచ్చేవాళ్ళుంటే చాలు. ఒకాయన తన చీటీని గుండుకే అతికించుకున్నాడు. గంధం మీద 'నమూనా 14' అని నా గుండ్రటి అక్షరాలు దర్శనం దాకా వెళ్ళాయి.

రాత్రి కాపలా పెద్దాయన తీసుకున్నాడు. మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికి నోటుపుస్తకంలో ప్రతి అరగంటకూ ఒక గీత, దాని పక్కన అంకె ఉన్నాయి. చదువు రాని మనిషి థర్మామీటరు అంకెల్ని బొమ్మల్లా చూసి దించేశాడు.

వడపోశాం. ఆరబెట్టాం. ఈసారి నేను గిన్నెకు నాలుగడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఆ అమ్మాయి ఆల్కహాలులో కాస్త యాసిడ్ కలిపి, గోరువెచ్చగా తిప్పుతూ మూడుసార్లు కడిగింది. తెల్లగానే వచ్చింది గానీ, నేను కాల్చినంత తెల్లగా కాదు. ఆ మాట పైకి అనకుండా ఉండటానికి నేను చాలా కష్టపడ్డాను.

చెన్నై సోమవారం రానే వచ్చింది. చిటికెడు పొడిని చిన్న సీసాలో పెట్టుకుని ఇద్దరం పొద్దున్నే బస్సెక్కాం. దారిపొడుగునా ఆ అమ్మాయి సీసా మూత మీంచి బొటనవేలు తీయలేదు. అక్కడ యంత్రం దగ్గరున్న మనిషి మా ఉత్తరం చూసి, ఎక్స్‌రేను అంత ఏటవాలుగా, కింది కోణంలో వదలడం యంత్రానికి మంచిది కాదని, ఇంకో వారం రమ్మని అరవంలో అన్నాడు. నేను నమస్కారం పెట్టడానికి చేతులెత్తేలోపు మా అమ్మాయి మొదలుపెట్టింది. అదంతా అరవమే. నాకు అర్థమైన మాటలు మూడు: నాయన, జూన్, చింతగింజలు. ఆయన మారుమాట్లాడకుండా యంత్రం తలుపు తీశాడు.

తెర మీద గీత మొదలైంది. మొదట కిందికి జారింది. ఇంకా జారింది. పోయిన వేసవిలో కూలిన పొడి గీత అలాగే జారి నేలమీద పడుకుంది. నేను కాల్చిన గిన్నె కళ్ళముందు తిరిగింది. అప్పుడు గీత ఒక్కసారిగా లేచి నిలబడింది. నిట్టనిలువుగా, గోపురంలా. దాని పక్కనే పొట్టిగా ఇంకో రెండు.

"వరిసై ఇరుక్కుమ్మా," అన్నాడు ఆయన, మొదటిసారి నవ్వుతూ. వరస ఉందట.

ఆ గీత అచ్చేసిన కాగితం నకలు ఒకటి ఆ అమ్మాయి పెద్దాయనకు చూపించడానికి తీసుకెళ్ళింది. ఆయన తిప్పి తిప్పి చూసి, ఆ మూడు శిఖరాల మీద వేలు పెట్టాడు. "ఇంత పొట్టు కాలిస్తే మూడు చిల్లులేనా పడింది?" అన్నాడు.

థీసిస్ జూన్ చివరి వారంలో వెళ్ళింది. వేడి గురించి సారు 'స్థిర ఉష్ణోగ్రత నీటితొట్టి' అని రాస్తే, ఆమె దాని ముందర 'వేరుశనగ పొట్టుతో కాగే' అని చేర్చింది. సారు కాసేపు చూసి ఉంచేశారు. నేను కాల్చిన పొడి కూడా వృథా కాలేదు. వంతెనలున్న పొడి గీత, కాల్చిన పొడి గీత పక్కపక్కన పెడితే, ఆ రెండు గుంటలు గోడలోని వంతెనలవేనని తేటతెల్లంగా తెలుస్తుంది. అలా నా నిర్వాకం ఒక బొమ్మగా థీసిస్‌లోకి ఎక్కింది. కింద, 'పోలిక కోసం ఒక నమూనాను కాల్చడమైనది' అని ఉంది. ఎవరు కాల్చారో లేదు. నాకు హాయిగా అనిపించింది.

ఆ హాయి మౌఖిక పరీక్ష దాకా ఉంది. చలికాలంలో బయటి ఊరి నుంచి పరీక్షకుడు వచ్చారు. తెల్లజుట్టు, మెల్లటి మాట. రిటైరైన మా సారు ముందు వరసలో కూర్చున్నారు. నేను వెనకాల టీ ఫ్లాస్కు పక్కన నిలబడ్డాను. అమ్మాయి చక్కగా చెప్పుకొచ్చింది. పొట్టు దగ్గర ఆయన ఆగారు. ఆమె నోటుపుస్తకం ఇచ్చింది. పేజీలు తిప్పి, "మా యంత్రం కూడా ఇంత నిలకడగా ఉండదమ్మా," అన్నారు. ఆ తరవాత ఆ బొమ్మ దగ్గరకు వచ్చారు.

"పోలికకు చిటికెడు చాలు కదా. ఇంత అరుదైన పదార్థం, గిన్నెడు కాల్చారని పట్టికలో ఉంది. ఎందుకు?"

సారు పైన ఫ్యాను వైపు చూశారు. అమ్మాయి థీసిస్‌లో ఆ పేజీ తీసింది. పొరపాటంటే తన పనిలో జాగ్రత్త లేదనుకుంటారు. కావాలనే అంటే అది అబద్ధం. ఆమె తల తిప్పి నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో వెనక నుంచే కనబడుతోంది.

వరికోతకు పోయేరోజు ఆమెతో నేనొక మాట అన్నాను. నేనుండాను గదా అని.

"అయ్యా," అన్నాను. "అది నేను కాల్చినానండీ. ఆ బిడ్డ ఊర్లో లేదు. పదేండ్లుగా ఈడ ఏ తెల్లపొడి కనబడినా కాల్చేది నా అలవాటు. నాకెవురూ చెప్పాల్సిన పని లేదనుకున్నాను."

పరీక్షకుడు కళ్ళజోడు తీశారు.

"మరి ఆ మాట థీసిస్‌లో రాయలేదేం?" అని ఆమెను అడిగారు.

"నేను రాసినానండీ. సారు కొట్టేసినారు."

సారు ఫ్యాను మీంచి కళ్ళు దించారు. "భాష బాగాలేదు," అన్నారు.

"ఏమని రాశావమ్మా?"

"మా అన్న కాల్చేసినాడు, అని."

ముందుగా నవ్వింది పరీక్షకుడే. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "నా ల్యాబులోనూ ఇలాంటి అన్న ఒకరున్నారు," అన్నారు. "ఆయన ఇంతవరకూ ఒప్పుకోలేదు." డాక్టరేటు ఇవ్వవచ్చని సంతకం పెడుతూ ఒకే ఒక్క దిద్దుబాటు అడిగారు. ఆ బొమ్మ కింద నిజం రాయాలి, మర్యాదైన భాషలో. అలా లైబ్రరీలో ఉండే ప్రతిలో ఒక వాక్యం చేరింది: ల్యాబు టెక్నీషియన్ పొరపాటున నమూనా మొత్తం కాలిపోయిందనీ, పోలిక అందువల్లే వీలైందనీ. నా పేరు లేదు. నా నేరం ఉంది. విజ్ఞానశాస్త్రానికి నేను చేసిన సేవ అదే.

అందరూ టీ తాగి వెళ్ళాక ఆ అమ్మాయి కొలిమి గదిలోకి వచ్చింది. టిఫిను క్యారియరు పైగిన్నె మూత తీసింది. ఫ్యూజు తీసి, పైట కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది.

"ఇంగ నీకాడే పెట్టుకోన్నా."

స్టూలెక్కి దాన్ని గోడకు బిగించాను. కొలిమి మెల్లగా గుర్రుమంది. ఆ మధ్యాహ్నమే కొత్తగా చేరిన ఒక కుర్రవాడు గిన్నెడు తెల్లపొడి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తన గైడు నాకు ముందే చెప్పి ఉంటారనుకున్నాడేమో, ఏమీ చెప్పకుండా గిన్నె నా చేతికిచ్చి వెళ్ళిపోబోయాడు.

"ఆగు నాయనా," అన్నాను. "కాల్చాల్నా, కడగాల్నా?"